చూడలేదన్న మనిషి

కరీంనగర్‌లో సహకార శాఖ ఆఫీసుకు ఎప్పుడు పోయినా నేను వరండాలో బెంచీ మీదే కూర్చుంటాను. లోపలికి రమ్మంటారు, కుర్చీ చూపిస్తారు. నేనే పోను. మొన్న వానలు వెనకబట్టిన రోజుల్లో అట్లాగే కూర్చుని ఉంటే, లోపల ఒక పెద్ద గుమాస్తా తన కింది గుమాస్తాను కోప్పడుతున్నాడు. ఏదో కూడికలో ఒక వరుస వదిలేశాడట.

"కండ్ల ముందటిది కనపడ్తలేదా? నీగ్గూడ నిర్మల్ చూపొచ్చిందా?" అన్నాడు పెద్దాయన. గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వారు.

ఆ మాట మా జిల్లా ఆఫీసుల్లో సామెత అయిపోయింది. ఎదురుగా ఉన్నది చూడలేని ఆడిటరుది నిర్మల్ చూపు. అది ఎవరి మీద పుట్టిందో ఇప్పటివాళ్లలో సగం మందికి తెలియదు. నాకు తెలుసు. లేచి కిటికీ దగ్గరికి పోయి, ఆ నిర్మల్ సాబ్ ఎట్లా ఉన్నారని అడిగాను. చనిపోయి నెల దాటిందని చెప్పి, పెద్దాయన మళ్లీ కాగితాల్లో తల పెట్టాడు.

నేను బెంచీ మీదికి తిరిగి వచ్చాను. ఏ పని మీద వచ్చానో గుర్తు రాలేదు. ఆయన చూపులో ఏ దోషమూ లేదు. నా జన్మలో నేను చూసిన కళ్లన్నిటిలోకీ మంచి కళ్లు ఆయనవి. ఆ పేరు ఆయనకు అంటగట్టింది నేను. ఈ నాలుగు మాటలు అందరికీ తెలిసేట్టు రాయడానికి నాకు ఏడేళ్లు పట్టింది. నా ధైర్యం అంతటిది.

మాది మానేరు ఒడ్డున మగ్గాల ఊరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు మా నేతగాళ్ల సంఘంలో పొదుపు నిధి పెట్టుకున్నాం. కూలి ఇచ్చేటప్పుడు రూపాయికి అణా చొప్పున పట్టి ఉంచేవాళ్లం. ఆ డబ్బుతో కొంత నూలు కొనేది, కొంత బ్యాంకులో వేసేది, లాభం వస్తే సభ్యులకు పంచేది. నేను సెక్రటరీని. పైకం పట్టేదీ, పుస్తకాలు రాసేదీ మా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు. ముత్యాల వంటి దస్తూరి వాడిది. ఆడవాళ్లందరినీ అక్కా, అత్తా అని పిలిచేవాడు. వాణ్ని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నేనే.

ఏడాదికోసారి మా లెక్కలు తనిఖీ చేయడానికి సర్కారు తరఫున ఆయన వచ్చేవారు. సొంతూరు నిర్మల్. మొదటిసారి బస్సు దిగినప్పుడు చేతిలో రేకు పెట్టె, చంకలో పరుపు చుట్ట, వేలికి ఒక ఇత్తడి చెంబు. జొన్నకర్రలా పొడుగ్గా ఉన్నారు. చెంబెందుకని అడిగితే నీళ్లకన్నారు. మా ఊళ్లో నీళ్లు లేవా సాబ్ అంటే, ఉన్నాయిగానీ అవి సంఘం కుండలో నీళ్లన్నారు. బావికి పోయి తనే తోడుకునేవారు. ఆఫీసు వెనక గదిలో మూడు రాళ్లు పెట్టుకుని జొన్నరొట్టెలు కాల్చుకునేవారు. వారం రోజులూ ఆ రొట్టె, ఎండుమిరపకాయల కారమే.

చాయ్ అంటే మాత్రం ప్రాణం. అయినా ఆడిట్ నడిచినన్నాళ్లు సంఘం చాయ్ ముట్టరు. మేం కావాలనే ఆయన ముక్కు ముందు పెట్టుకుని ఊదుకుంటూ తాగేవాళ్లం. ఆయన తల తిప్పుకుని కిటికీలోంచి మగ్గాల చప్పుడు వినేవారు. చివరి రోజు రిపోర్టు మీద సంతకం పెట్టి, కలానికి మూత బిగించి, "ఇగ తెప్పియ్యుండ్రి" అనేవారు. ఒకదాని వెంట ఒకటి రెండు కప్పులు, సాసరులో పోసుకుని, వీధిలోకి వినబడేట్టు జుర్రుకుంటూ తాగేవారు.

వచ్చిన మొదటి రోజు ఆయన పుస్తకం తెరవరు. గోడవార స్టూలు వేసుకుని కూర్చుని ఊరికే చూస్తుంటారు. కూలి ఎవరు ఇస్తున్నారు, అణా ఎవరు పడుతున్నారు, బీరువా ఎవరు తీస్తున్నారు, తాళంచెవి ఏ మేకుకు వేలాడుతోంది, అన్నం తినడానికి పోయినప్పుడు ఆ మేకు ఎవరికి కనబడుతుంది. ఆడిట్ సాబ్ ఈగలు లెక్కపెడుతున్నాడని మేం వెనక నవ్వుకున్నాం. సాయంత్రం ఒక్క పేజీ రాశారు. మా ఇల్లు మాకంటే బాగా తెలిసినవాడు రాసినట్టుంది ఆ పేజీ.

రెండో రోజు నుంచి పుస్తకాలు. చిన్నప్పుడు ఆదిలాబాద్ వైపు మరాఠీ బడిలో చదివారట. అందుకని లోపల్లోపల "ఏక్, దోన్, తీన్" అనుకుంటూ లెక్కపెట్టేవారు. చేతిలో ఎర్ర పెన్సిల్. తన కంటితో చూసి సరే అనుకున్న దాని పక్కన చిన్న టిక్కు పెట్టేవారు. ఎవరో చెబితే పెట్టరు. ప్రెసిడెంటు చెప్పినా పెట్టరు. నేను ఒకసారి నవ్వుతూ, మీ ఇంట్లో పప్పులో ఉప్పు వేశామంటే నమ్ముతారా సాబ్ అన్నాను. నోట్లో పెట్టుకున్నాక నమ్ముతానన్నారు.

నయాపైసలు వచ్చిన కొత్త అది. అణాకు ఆరు నయాపైసలు పట్టి రాసుకున్నాం. ఆయన పెన్సిల్ అక్కడ ఆగిపోయింది. అణా అంటే ఆరుంపావు కదా, పావు పైసా ఎక్కడికి పోయిందన్నారు. పావు పైసాకు నాణెమే లేదు సాబ్ అన్నాడు మా బామ్మర్ది వినయంగా. నాణెం లేకపోతే గీత గీసి పెట్టండి, నాలుగు గీతలైతే పైసా వేయండి అన్నారు. ఆ ఏడాది నుంచి మా పుస్తకంలో పావు పైసల వరుస ఒకటి చేరింది. వెర్రి అనుకున్నాం. ఏడాది తిరిగేసరికి ఆ వెర్రి మీద సభ్యులకు పదో పరకో అదనంగా జమైంది. అప్పటి నుంచి మా వాడకట్టు ఆడవాళ్లు ఆయన వస్తున్నాడంటే గడపలు కడిగేవారు.

మూడో రోజు ఇండ్లు తిరగడం. మా పుస్తకంలో ఉన్నదీ, సభ్యులకు గుర్తున్నదీ ఒకటేనా అని అడిగి చూసేవారు. అట్లా మొదటిసారి ఎల్లవ్వ ఇంటికి పోయాం. మొగుడు పోయిన మనిషి. కొడుకు నేస్తే తను కండెలు చుట్టేది. నీ పేర ఎంతుందో తెలుసా అవ్వా అని ఆయన అడిగితే, మగ్గం గుంట పక్క గోడ చూపించింది. గోడ మీద ఎర్ర జాజుమట్టితో నిలువు గీతలు. రూపాయి నిండినప్పుడల్లా ఒక గీత పెట్టుకుందట. దసరాకు ఇల్లంతా సున్నం వేసినా ఆ జానెడు గోడ వదిలేసేది.

ఆయన గుంటలోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, ఏక్ దోన్ తీన్ అంటూ గీతలన్నీ లెక్కపెట్టారు. మా పుస్తకం తీసి చూశారు. సరిపోయింది. పుస్తకంలో టిక్కు పెట్టి, ఒక్క క్షణం ఆగి, "గోడకు గూడ పెట్టన్నా అవ్వా?" అని అడిగారు. ఎల్లవ్వ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చివరి గీత కింద ఎర్ర పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టారు. ఆ తర్వాత ప్రతి ఏడూ అక్కడొక టిక్కు చేరింది.

ఆ రోజే ఆయన ఎల్లవ్వను పాసుబుక్కు చూపించమన్నారు. ఆఫీసులో ఉందంది. పక్కింట్లో అడిగినా అదే మాట. వాడకట్టు మొత్తం అంతే. సభ్యులకు ఇచ్చిన పాసుబుక్కులన్నీ మా బీరువాలోనే ఉన్నాయి. ఆయన నడివీధిలో నిలబడిపోయారు.

మాకు అందులో వింతేమీ కనబడలేదు. గుంటమగ్గం ఇండ్లలో చెమ్మ, చెదలు. చదువు వచ్చినవాళ్లు వాడకు ఇద్దరు. బుక్కు ఆఫీసులో ఉంటేనే భద్రం. అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. మాలో ఎవరైనా వచ్చి నా బుక్కు నాకియ్యి అన్నారంటే, ఇక నీకూ నాకూ చెల్లు అన్నట్టే. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు గిన్నెలు అడిగినట్టు. ఆయన పట్టుబడితే, నేను పాసుబుక్కులన్నీ సంచిలో వేసుకుని ఇంటింటికీ పంచాను. మూడో రోజుకు అన్నీ తిరిగొచ్చాయి. అందరికంటే ముందు ఎల్లవ్వ తెచ్చింది. కళ్లలో నీళ్లు పెట్టుకుని, నేనేం తప్పు చేసిన కొడుకా, నన్నెందుకు ఎడం పెడుతున్నవని అడిగింది. నేను బుక్కు తీసుకుని బీరువాలో పెట్టాను. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను. ఇంత నమ్మకం ఏ సెక్రటరీకి ఉంటుంది అనుకున్నాను.

రిపోర్టులో ఆయన మొదటి ఆక్షేపణ అదే రాశారు. పైకం తీసుకునే చెయ్యి, లెక్క రాసే చెయ్యి, పాసుబుక్కు దాచే చెయ్యి ఒకటే అయి ఉన్నవి, వేరు చేయవలెను. ఆ చెయ్యి మా బామ్మర్దిది. ఇంట్లో నా భార్య రెండు రోజులు మాట్లాడలేదు. నేను వచ్చి ఆయనతో వాదించాను. నయాపైసాతో సహా సరిపోయింది కదా, గీతలు కూడా సరిపోయాయి, మరి ఆక్షేపణ ఎందుకని.

"లెక్క తప్పిందా లేదా మీరు సూసుకుంటరు సెక్రటరీ సాబ్. తప్పితే ఎవలకన్న ఎరుకైతదా, అది నేను సూస్త," అన్నారు. "పోగు తెగినంక ముడేస్తరు. తెగకముందు గంజి పెడ్తరు. నాది గంజి పని."

మా బామ్మర్ది మీద అనుమానమా అని అడిగాను. ఆ కుర్చీలో హరిశ్చంద్రుణ్ని తెచ్చి కూర్చోబెట్టినా ఇదే రాస్తానన్నారు. వాడి దస్తూరిని మెచ్చుకుని, వాడి భుజం తట్టి మరీ రాశారు.

ఆ ఆక్షేపణ కింద నేను జవాబు రాయాలి. "సరిచేయబడును" అని రాశాను. రెండో ఏడు అదే ఆక్షేపణ, అదే జవాబు. మూడో ఏడు ఆయన కాగితం నా ముందు పెట్టి, మీ సరిచేయబడునుకు గడ్డం కూడా నెరిసిందన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటికి మా మధ్య స్నేహం కుదిరింది. ఆయన కోసం నేను పుల్లల సందుగ ఒకటి చేసి పెట్టాను, రొట్టెలు మెత్తబడకుండా. అది ఆడిట్ అయ్యాక, చాయ్ తాగాక తీసుకున్నారు.

నాలుగో ఏడు నూలు ధర మండిపోయింది. రెండు నెలలు మగ్గాలు ఆడలేదు. పొద్దున లేస్తే చప్పుడు లేని ఊరు ఎట్లా ఉంటుందో ఆ ఏడాదే తెలిసింది. బతకడానికి బొంబాయి దగ్గరి భివండి మిల్లులకు పోయే కుటుంబాలు మూటలు కట్టుకుంటున్నాయి. సర్కారు నూలు అప్పు ఇస్తానంది, ఆడిట్‌లో మొదటి తరగతి వచ్చిన సంఘాలకే. మా లెక్కలన్నీ బాగానే ఉన్నాయి. ఆ ఒక్క ఆక్షేపణ నాలుగోసారి పడితే తరగతి దిగిపోతుంది, అప్పు రాదు.

చివరి రోజు ఆయన రిపోర్టు రాస్తుంటే తలుపు దగ్గరికేసి ఎదురుగా కూర్చున్నాను. ఈ ఒక్క ఏడు వదిలేయండి సాబ్ అన్నాను. ఆయన తలెత్తలేదు. మూటలు కట్టుకున్న ఇండ్ల పేర్లన్నీ చెప్పాను. ఎల్లవ్వ కొడుకు పేరు కూడా చెప్పాను. ఆ పేరు చెబితే ఆగుతారని నాకు తెలుసు. పెన్సిల్ ఆగింది.

"నెల రోజులల్ల బుక్కులు ఇండ్లకు పోవాలె. పైసలు ఇంకొకల చేతికి పోవాలె. చేస్తవా?" అన్నారు. అప్పటిదాకా నన్ను మీరు అనేవారు. ఆ రోజే మొదటిసారి నువ్వన్నారు.

చేస్తానన్నాను. మాట ఇచ్చాను. ఆయన ఆ పేరా వదిలేసి, మిగతాది రాసి, సంతకం పెట్టి, కలానికి మూత బిగించారు. నేను సంతోషంగా కేకేసి చాయ్ తెప్పించాను. రెండు కప్పులు ఆయన ముందు పెట్టాను. ఆయన వాటి వంక చూశారు. "వద్దు" అన్నారు. పెట్టె, చెంబు తీసుకుని బస్సుకు పోయారు. చాయ్ మీద మీగడ కట్టింది. నేను అప్పటికైనా అర్థం చేసుకోవాల్సింది.

నూలు వచ్చింది, మగ్గాలు ఆడాయి, భివండి మూటలు విప్పుకున్నారు. ఊళ్లో నాకు దండలు వేశారు. నెల గడిచింది. బామ్మర్దిని ఆ కుర్చీలోంచి లేపితే నా భార్య ముఖం ఎట్లా చూడాలో తెలియలేదు. బుక్కులు పంచితే మళ్లీ ఎల్లవ్వ ఏడుస్తుంది. ఇంతకీ కొంపేం మునిగింది అనుకున్నాను. గంజి పెట్టకుండానే పడుగు మగ్గం మీదికి ఎక్కించాను.

ఆ నూలు అప్పు కాగితాల పేరుతోనే మా బామ్మర్ది సభ్యుల దగ్గర వేలిముద్రలు తీసుకున్నాడు. సగం కాగితాలు అప్పువి కావు, పొదుపు వాపసు తీసుకున్నట్టు రాసే రసీదులు. వాటి మీద నా సంతకాలు కూడా ఉన్నాయి. కట్టలు కట్టలు ముందు పెడితే చదవకుండా చేశాను. పుస్తకంలో తీసినట్టు రాశాడు, పాసుబుక్కులో తీసినట్టు రాశాడు. రెండూ వాడి చేతిలోనే ఉన్నాయి కనుక రెండూ సరిపోయాయి. ఎల్లవ్వ ఇంకో మగ్గం కొనాలని డబ్బుకు వచ్చిన రోజు, వాడు నూలు కొనడానికి బొంబాయి పోయి ఉన్నాడు. ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఎల్లవ్వ బుక్కులో పదకొండు రూపాయలున్నాయి. గోడ మీద రెండు వందల పదహారు గీతలున్నాయి. విచారణకు వచ్చిన అధికారిని చెయ్యి పట్టుకుని లాక్కుపోయి చూపించింది. గోడ దస్తావేజు కాదని ఆయన చెప్పాడు. ఆమె ఎర్ర టిక్కులు చూపించి, గివి సర్కారు పెట్టినయే గదా అంది. ఆయనకు అర్థం కాలేదు.

విచారణ మా సంఘం ఆఫీసులోనే జరిగింది. ఆడిట్ సాబ్‌ను పిలిపించారు. ఆ స్టూలు మీదే కూర్చోబెట్టారు. మూడేళ్ల రిపోర్టులు, నాలుగో ఏడు రిపోర్టు పక్కపక్కన పెట్టి, మూడుసార్లు రాసిన ఆక్షేపణ నాలుగోసారి ఎందుకు లేదని అడిగారు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. చూస్తే నోరు విప్పేవాణ్నేమో.

"చూడలేదు" అన్నారు.

మూడేండ్లు కనబడింది నాలుగో ఏడు ఎట్లా కనబడలేదని అధికారి అడిగాడు.

"కండ్లకు ఆనలే సాబ్."

వెనక ఎవరో నవ్వారు. ఏక్ దోన్ తీన్ అంటూ గుంటలో మోకాళ్ల మీద కూర్చుని గీతలు లెక్కపెట్టిన మనిషి, పావు పైసాను పట్టుకున్న మనిషి, తనకు కళ్లు ఆనలేదని చెప్పి తల వంచుకున్నారు. నేను రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఆఫీసు గోడకు ఉన్న క్యాలెండరు వంక చూస్తూ కూర్చున్నాను. నాకు పెండ్లాం పిల్లలున్నారని మనసులో అనుకున్నాను. ఆయనకు మాత్రం లేరా.

నిర్లక్ష్యం కింద ఆయన ప్రమోషను ఆపేశారు. ఆడిట్ పని తీసేసి, ఆదిలాబాద్ ఆఫీసులో వచ్చే కాగితాలు, పోయే కాగితాలు నమోదు చేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నేను బామ్మర్ది చేతిలో మోసపోయిన అమాయకుణ్నని తేలింది. సంఘం సభ్యులకు మూడో వంతు చెల్లించింది. ఎల్లవ్వ ఆ మూడో వంతు తీసుకుని కొడుకుతో భివండి పోయింది.

మూడేళ్ల తర్వాత ఆయన నౌకరీ ముగిసి నిర్మల్ చేరారని తెలిసి, ఒక ఉత్తరం రాసి జేబులో పెట్టుకుని పోయాను. పై అధికారులకు రాసిన ఉత్తరం. జరిగిందంతా అందులో ఉంది. బొమ్మలు చేసేవాళ్ల వీధిలో ఆయన ఇల్లు. వాకిట్లో పక్కింటి పొనికి కర్ర చెక్కుడు ఎగిరి పడుతోంది. ఆయన నల్లటి చట్రం ఉన్న అద్దాలు పెట్టుకుని అరుగు మీద ఉన్నారు. నన్ను చూసి లేచి, తమ్మీ అన్నారు. వాళ్ల ఆవిడ, నేను వదినమ్మా అని పిలిచాను, చాయ్ పెట్టడానికి లోపలికి పోతూ, కాగితాలు ముందటేసుకోకు, కండ్లు గుంజుతయని ఆయనను హెచ్చరించింది.

ఆమె లోపలికి పోగానే ఆయన అద్దాలు నొసటి మీదికి తోసుకుని నా ఉత్తరం చదివారు. సన్నని దస్తూరి నాది, వెలుతురు కూడా మసకగా ఉంది. ఒక్కచోట తడబడలేదు. చివర, "తారీఖు ఎయ్యలే" అన్నారు.

ఇది రేపు కరీంనగర్‌లో ఇచ్చేస్తానన్నాను. ఆయన ఉత్తరం నాలుగు మడతలు పెట్టారు.

"సూసి ఇడిసిన అంటే, ఎవలు ఇడువమన్నరు అని అడుగుతరు. గా మాట కాడికి రావద్దనే చూడలే అన్న. గిప్పుడు నువ్వు పోయి చెప్తే నీ బామ్మర్ది పక్కకు నిన్ను నిలవెడ్తరు. నీకు పిల్లలున్నరు," అన్నారు. "కలం నా చేతుల ఉండె తమ్మీ. నీ చేతుల లేదు."

ఎల్లవ్వ గురించి అడిగారు. చెప్పాను. చాయ్ వస్తున్న అలికిడికి అద్దాలు కిందికి లాక్కుని, ఉత్తరం జేబులో పెట్టుకున్నారు. నేను చాయ్ తాగుతానో లేదోనని చూసి, "తాగు, గిది సంఘం చాయ్ కాదు" అన్నారు. తాగాను. ఆ ఉత్తరం ఆయన జేబులో ఉండిపోయినందుకు బస్సులో నా గుండె తేలిక పడింది. ఆ సంగతి కూడా ఇక్కడ రాయాలి.

వరండా బెంచీ మీద ఆయన పోయారని విన్న మరునాడే నిర్మల్ బస్సెక్కాను. దారిలో సోన్ దగ్గర గోదావరి నిండుగా ఉంది. వదినమ్మ అరుగు మీద ఒక్కతే ఉంది. నన్ను గుర్తుపట్టి లోపలికి తీసుకుపోయింది. రేకు పెట్టె తెరిచి చూపించింది. చెంబు, ఎర్ర పెన్సిల్ ముక్కలు, నేను చేసి ఇచ్చిన పుల్లల సందుగ, అద్దాల డబ్బా. ఆ అద్దాల కథ తనే చెప్పింది. నౌకరీలో దెబ్బ తగిలాక హైదరాబాదు తీసుకుపోయి చూపించిందట. డాక్టరు కళ్లకు ఏమీ లేదన్నాడట. ఏమీ లేకపోతే కళ్ల ముందున్నది ఎట్లా కనబడలేదని, డాక్టరు మీద నమ్మకం పోయి, గాజులు అమ్మి ఇంకోచోట అద్దాలు కట్టించింది.

"ఎన్నడు వద్దనలే. పొద్దుందాక పెట్టుకునేటోడు," అంది. "బజార్ల పోతుంటే ఎన్క నుంచి నిర్మల్ చూపు నిర్మల్ చూపు అని నవ్వేటోళ్లు. నేను అద్దాలు తుడిచి ఇచ్చేదాన్ని."

డబ్బా అడుగున నాలుగు మడతల కాగితం ఉంది. ఎవరికీ చూపించేవాడు కాదట. తనకు చదువు రాదు. పక్కింటివాళ్లతో చదివిద్దామంటే ఏముందో ఏమోనని భయం. నువ్వు చదువుకున్నవాడివి, నువ్వు చదివి చెప్పు తమ్మీ అని నా చేతికిచ్చింది.

నా ఉత్తరమే. ఒక్కొక్క వాక్యం పక్కన చిన్న ఎర్ర టిక్కు. నేను తలుపు దగ్గరికేసి కూర్చున్నానని రాసిన చోట టిక్కు. ఈ ఒక్క ఏడు వదిలేయమన్నానని రాసిన చోట టిక్కు. నెలలో సరిచేస్తానని మాట ఇచ్చి చేయలేదన్న దానికి టిక్కు. విచారణలో నేను నోరు విప్పలేదన్న దానికి కూడా. చివరి వాక్యం, "తప్పంతా నాదే, ఆడిటరు గారిది ఏమీ లేదు" అన్నది. దాని పక్కన మాత్రం ఏమీ లేదు. ఖాళీగా ఉంది.

చదివి వినిపించాను. అయిపోయాక ఆమె అద్దాలు చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడవబోయి ఆగింది.

"అయితే ఆయినకు కండ్లు మంచిగనే ఉండెనా?"

"మంచిగనే ఉండె వదినమ్మా. అన్నీ కనపడ్డయి."

"నాకు గూడ చెప్పలే," అంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని తల వంచుకుని కూర్చున్నాను. ఆమె లేచింది. వాకిలి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. ఎదుటి అరుగు మీద బొమ్మలకు రంగులేస్తున్న నలుగురు తలెత్తి చూశారు.

"మల్ల సదువు తమ్మీ," అంది. "జర గట్టిగ సదువు. గాళ్లకు గూడ ఇనపడాలె."

నేను కాగితం పట్టుకుని గడపలోకి వచ్చి నిలబడి, మొదటి నుంచి చదివాను.